దీపం మసితో జీవకణంలోకి వెలుగు

నాడు సికింద్రాబాద్‌లో మలేరియాను పట్టిచ్చిన నల్లచుక్క - నేడు ప్రయోగశాలల్లో పచ్చగా మెరుస్తున్న నల్లమసి

సికింద్రాబాద్: దీపం మీద పట్టే మసి ఎందుకూ కొరగానిదని అందరూ అనుకుంటారు. ఆడవాళ్లు కాటుకకు కాస్త తీసుకుంటే తీసుకుంటారు. మిగిలినది తుడిచి పారేయవలసిందే. లాంతర్ల కాలంలో ప్రతి సాయంత్రం చిమ్నీకి పట్టిన మసిని తుడవడం పిల్లలకు ఒక పనిగా ఉండేది. అటువంటి మసిని శుద్ధి చేసి, నీళ్లలో కలిసిపోయే అతి సన్నని రేణువులుగా మార్చి, బతికి ఉన్న జీవకణాల్లోకి పంపితే అవి లోపల పచ్చగా మెరుస్తాయని, ఆ మెరుపు సాయంతో జీవకణాన్ని చూడవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించారు. మన దేశంలో 2009లో కలకత్తా శాస్త్రజ్ఞులు ఈ పని చేసి చూపారు.

ఇదేదో పెద్ద చదువుల వ్యవహారం, పల్లెటూరి వాళ్లకు దీనితో పనేమిటని తోసిపుచ్చడానికి వీలులేదు. రోగం ఎక్కడ పుడుతున్నదో, ఎలా పాకుతున్నదో కంటితో చూసిన తరువాతనే దానిని అడ్డుకునే దారి దొరుకుతుంది. ఈ మాటకు సికింద్రాబాద్ పట్టణమే సాక్షి. చలిజ్వరాన్ని మోసుకు తిరిగేది దోమ అన్న సంగతి ప్రపంచానికి మొదట తెలిసింది ఇక్కడే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో ఒక సైనిక వైద్యుడు దోమ పొట్టను చీల్చి సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో కనిపించిన నాలుగు నల్లచుక్కలు కోట్లాది మంది ప్రాణాలకు సంబంధించిన గుట్టును బయటపెట్టాయి.

చెడుగాలి అనుకున్న రోజులు

మలేరియా అనే మాటకు చెడుగాలి అని అర్థం. ఇటలీ దేశంలో పుట్టిన పేరు అది. కుంటలు, బురదనేలల మీదుగా వీచే గాలి సోకితే చలిజ్వరం వస్తుందని వందల ఏళ్లపాటు అన్ని దేశాల్లోనూ నమ్మారు. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసిన క్వినైన్ మందు అప్పటికే ఉన్నది. జ్వరం తగ్గించడం తెలుసు. కాని ఆ జ్వరం మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతున్నదో ఎవరికీ తెలియదు. తెలియనందువల్ల దానిని అరికట్టే ఉపాయమూ లేకపోయింది.

1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, రోగి రక్తంలో కదులుతున్న ఒక సూక్ష్మజీవిని చూశాడు. దాని ఒంట్లో నల్లని చుక్కలున్నాయి. మలేరియాకు కారణం ఈ జీవేనని ఆయన ప్రకటించాడు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆ జీవిని రోనాల్డ్ రాస్‌కు చూపించి, ఇది దోమలో ఏమవుతుందో కనిపెట్టమని ప్రోత్సహించాడు.

రాస్ 1857లో హిమాలయాల పాదాన ఉన్న ఆల్మోరాలో పుట్టాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడు. 1895లో సికింద్రాబాద్ దండుకు వచ్చాడు. పాతకాలం వాళ్లు సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అనే పిలుస్తారు. ఆ లష్కర్‌లోని సిపాయిల్లో చలిజ్వరం రోగులకు కొదువ లేదు. దోమలకు అంతకంటే కొదువ లేదు. రెండేళ్లపాటు రాస్ ఇంటి చుట్టూ దొరికే రకరకాల దోమలను పట్టించి, రోగులను కుట్టించి, ఒక్కొక్క దోమనూ కోసి చూశాడు. ఏమీ కనిపించలేదు. ఆయన చూస్తున్నవి మలేరియాను మోసే జాతి దోమలు కావు. ఆ సంగతి ఆయనకు అప్పుడు తెలియదు.

దోమకాటుకు అణా చొప్పున

1897 ఆగస్టులో ఆయన మనుషులు రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలను తెచ్చి ఇచ్చారు. ఇవి నేడు అనాఫిలిస్ అని మనం చెప్పుకునే జాతి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఈ దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన దోమకు అణా చొప్పున కూలి. ఈ కథలో రాస్ పేరు పుస్తకాలకు ఎక్కింది కాని, రక్తం ఇచ్చిన హుసేన్ ఖాన్‌ను తలచుకునేవారు తక్కువ. దోమలు పట్టి తెచ్చిన పనివాళ్ల పేర్లయితే చాలామందికి తెలియనే తెలియవు.

ఆగస్టు ఎండ, ఉక్కపోత. గదిలో పంఖా ఊపిస్తే కోసిపెట్టిన దోమ ముక్కలు గాలికి ఎగిరిపోతాయి. అందుకని పంఖా ఆపించి పనిచేశాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క కంటి అద్దమూ బీటలు వారిందని రాస్ తరువాత రాసుకున్నాడు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమల్లో ఒకదానిని నాలుగు రోజుల తరువాత, 20వ తేదీన కోశాడు. దోమ పొట్ట గోడలో గుండ్రని జీవకణం ఒకటి కనిపించింది. దాని వెడల్పు సుమారు 12 మైక్రాన్లు. అటువంటివి ఎనభై పైచిలుకు పక్కపక్కన పేరిస్తే గాని ఒక మిల్లీమీటరు నిండదు. ఆ జీవకణంలో నల్లని చుక్కలున్నాయి. అవి అచ్చంగా రోగి రక్తంలోని మలేరియా జీవి ఒంట్లో ఉండే చుక్కల వంటివే. మరునాడు ఇంకొక దోమను కోస్తే అవే జీవకణాలు మరింత పెరిగి కనిపించాయి. దోమలో మలేరియా జీవి పెరుగుతున్నదని తేలిపోయింది.

1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, ఆ జీవి దోమ పొట్ట నుంచి లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో ఇంకొక ప్రాణిలోకి పోతుందని నిరూపించాడు. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమలే మోస్తాయని అదే కాలంలో ఇటలీ శాస్త్రజ్ఞులు రూఢి చేశారు. 1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా నేటికీ పాటిస్తున్నారు. కుంటలు పూడ్చడం, నిలవ నీటిలో మందు చల్లడం, దోమతెర కట్టుకోవడం వంటి నేటి జాగ్రత్తలన్నీ ఆ నల్లచుక్కల పుణ్యమే.

గుర్తు ఉన్నది గనుక దొరికింది

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. దోమ పొట్టలో జీవకణాలు వేలకొద్దీ ఉంటాయి. అన్నీ నీటిబొట్టుల్లా రంగు లేనివే. వాటిలో ఇది పరాయిదని రాస్ ఎలా గుర్తు పట్టాడు? నల్లచుక్కల వల్లనే. మలేరియా జీవి మన రక్తంలోని ఎర్ర పదార్థాన్ని తింటుంది. అందులోని ఇనుము కలిసిన భాగం దానికి అరగదు. అరగనిది నల్లని చుక్కలుగా దాని ఒంట్లోనే మిగిలిపోతుంది. దొంగ తన జాడ తానే వదిలిపెట్టాడన్న మాట.

అన్ని రోగాలూ ఇలా జాడ వదలవు. మన ఒంటిలోని జీవకణాలు చాలావరకు రంగు లేనివి. ఎంత పెద్దగా చూపే సూక్ష్మదర్శినిలో పెట్టినా నీళ్లలో నీళ్లు చూసినట్టే ఉంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు రంగులు అద్దడం మొదలుపెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి నుంచి రక్తపు చుక్క తీసి గాజుపలక మీద పూసి, రంగు వేసి చూసేది ఇందుకే. కాని గాజుపలక మీద ఎండి, రంగు పట్టిన జీవకణం బతికి ఉండదు. మనం చూసేది దాని శవాన్ని. మందు లోపలికి పోతున్నదా, ఎక్కడ ఆగుతున్నది, రోగక్రిమి ఎలా చొరబడుతున్నది అనేవి తెలియాలంటే జీవకణం బతికి ఉండగానే చూడాలి. దానిని చంపకుండా లోపల దీపం పెట్టాలి. సమస్య అంతా ఇక్కడే ఉన్నది.

మిణుగురు వేరు, పసుపు వేరు

చీకట్లో మెరిసేవి రెండు రకాలు. మిణుగురు పురుగు తన ఒంట్లోని రసాయనాలతో తానే వెలుగు పుట్టించుకుంటుంది. రెండో రకం వస్తువులు తమంత తాము మెరవవు. వాటి మీద కంటికి కనిపించని అతినీల కిరణాలు పడితే, ఆ కిరణాలను మింగి, కంటికి కనిపించే వెలుగుగా తిప్పి ఇస్తాయి. ఈ గుణాన్ని ప్రతిదీప్తి అంటారు.

ఇది మనకు కొత్త కాదు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే చోట ఊదారంగు దీపం కింద నోటు పెడితే, దాని మీది అంకెలు, కాగితంలోని సన్నని పోగులు మెరుస్తాయి. దొంగనోటును పట్టే ఉపాయాల్లో అదొకటి. అదే దీపం కింద పసుపు పెడితే అదీ పచ్చగా మెరుస్తుంది.

వైద్యంలోనూ ఈ ఉపాయం ఉన్నది. క్షయ రోగి కళ్లెకు ఆరమిన్ అనే రంగు వేసి ప్రత్యేక దీపమున్న సూక్ష్మదర్శినిలో చూస్తే, నల్లని తెర మీద క్షయ క్రిములు పసుపుపచ్చని పుల్లల్లా మెరుస్తాయి. ప్రభుత్వ క్షయ పరీక్షా కేంద్రాల్లో ఈ రకం సూక్ష్మదర్శినులు వాడుకలో ఉన్నాయి. చక్కెర వ్యాధి వల్ల చూపు మందగించిన వారికి కంటి ఆసుపత్రుల్లో చేతి నరానికి ఒక రంగు ఎక్కించి కంటి లోపలి రక్తనాళాలను ఫోటో తీస్తారు. అదీ ప్రతిదీప్తి రంగే.

అయితే ఇటువంటి రంగుల్లో చాలావాటికి ఒక లోపం ఉన్నది. దీపం ముందు కొంతసేపు ఉంచితే వెలిసిపోతాయి. ఎండలో ఆరేసిన చవకరకం చీర వెలిసినట్టే. గంటల తరబడి ఒక జీవకణాన్ని గమనించాలంటే మధ్యలోనే వెలుగు ఆరిపోతుంది.

విషం లేని వెలుగు కోసం

రంగు వెలవని వస్తువుల కోసం వెతగ్గా, లోహాలతో చేసిన అతి సన్నని రేణువులు దొరికాయి. వీటిని క్వాంటం చుక్కలు అంటారు. రేణువు పరిమాణం మారితే చాలు, వెలుగు రంగు మారుతుంది. ఒకే పదార్థం చిన్న రేణువైతే నీలంగా, పెద్దదైతే ఎర్రగా మెరుస్తుంది. వీటిని కనిపెట్టి తయారుచేసినందుకు ఎకిమోవ్, బ్రూస్, బావెండి అనే ముగ్గురికి 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కాని బాగా మెరిసే క్వాంటం చుక్కల్లో చాలావాటిలో కాడ్మియం ఉంటుంది. అది విషలోహం. మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీస్తుంది. రేణువు కరిగి కాడ్మియం బయటపడితే, చూడబోయిన జీవకణమే చచ్చిపోతుంది. విషం లేకుండా, వెలవకుండా, చవకగా మెరిసేది ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్న మిగిలింది.

జవాబు అనుకోకుండా దొరికింది. 2004లో అమెరికాలోని దక్షిణ కెరోలినా విశ్వవిద్యాలయంలో, విద్యుత్ మెరుపుతో తయారైన మసి నుంచి సన్నని కర్బన గొట్టాలను శుద్ధి చేస్తున్నారు. వాళ్లకు కావలసింది గొట్టాలు. కాని పక్కకు వచ్చిన మలినం అతినీల కిరణాల కింద మెరిసింది. పారేయవలసినదే పనికివచ్చేదని తేలింది. 2006లో అదే రాష్ట్రంలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇటువంటి రేణువులను కావాలని తయారుచేసి, కర్బన చుక్కలు అని పేరు పెట్టారు. 2007లో అమెరికాలోనే పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు మామూలు కొవ్వొత్తి మసి నుంచి రకరకాల రంగుల్లో మెరిసే రేణువులను వేరు చేశారు.

కాటుక పట్టినట్టే మొదలు

మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతి పెద్దవాళ్లకు తెలిసినదే. గుంటగలగరాకు రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డతో వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తారు. మంట పూర్తిగా గాలి అందక అరకొరగా మండుతుంది. మండని కర్బనం మసిగా పళ్లేనికి పడుతుంది. శాస్త్రజ్ఞుల పనీ ఇక్కడి నుంచే మొదలవుతుంది. వాళ్లు ఆముదం దీపం బదులు కొవ్వొత్తి, పళ్లెం బదులు గాజు వాడతారు. అంతే తేడా.

కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ 1876లో స్థాపించిన సంస్థ. సి.వి.రామన్ వెలుగు మీద ప్రయోగాలు చేసి నోబెల్ బహుమతి తెచ్చినది అక్కడే. ఆ సంస్థకు చెందిన నిఖిల్ రంజన్ జానా, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పద్ధతి ఇలా ఉన్నది.

మసి నీళ్లలో కలవదు. లాంతరు చిమ్నీ కడిగిన వాళ్లెవరికైనా తెలుసు, అది పైన తేలుతుంది. అందుకని మసిని నత్రికామ్లంలో వేసి, నీళ్లు మరిగేంత వేడి దగ్గర గంటల తరబడి ఉడికించారు. నత్రికామ్లమంటే కంసాలులు బంగారం శుద్ధికి వాడే ఘాటైన ఆమ్లమే. అది మసి ఉండలను కొరికి చిన్న తునకలు చేస్తుంది. తునకల అంచులకు ప్రాణవాయువును తగిలిస్తుంది. ప్రాణవాయువు తగిలిన రేణువుకు నీళ్లతో పొత్తు కుదురుతుంది. అప్పుడు అది తేలడం మాని నీళ్లలో కలిసిపోతుంది.

తరువాత ఆ ద్రవాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెట్టారు. పాలకేంద్రంలో మీగడ తీసే యంత్రం వంటిదే ఇది. కరగని మసి అడుక్కు చేరింది. పైన తేటగా లేత గోధుమరంగు నీళ్లు మిగిలాయి. పగటివెలుగులో చూస్తే పలచని టీ నీళ్లలా ఉండే ఆ ద్రవం అతినీల దీపం కింద పచ్చగా మెరిసింది.

ఇందులోని రేణువులు 2 నుంచి 6 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. సుమారు మిల్లీమీటరు ఉండే గసగస గింజ పక్కన ఇవి వరసగా పేరిస్తే రెండున్నర లక్షలు పడతాయి. రాస్ చూసిన 12 మైక్రాన్ల జీవకణానికి అడ్డంగా మూడు వేల రేణువులు పట్టాలి. అంత చిన్నవి గనుకనే జీవకణంలోకి పోగలుగుతున్నాయి. వీటికి వేరే ఏ పూతా అవసరం లేకుండానే జీవకణాల్లోకి చేరాయని కలకత్తా శాస్త్రజ్ఞులు తెలిపారు. చెరువులోని చేప మేతను నోట కరచుకున్నట్టు జీవకణం పైపొర లోపలికి ముడుచుకుని బయటి నలుసులను మింగుతుంది. లోపలికి చేరిన తరువాత దీపం వేస్తే జీవకణం పచ్చగా కనిపిస్తుంది.

కమలారసంతో మరింత వెలుగు

కలకత్తా రేణువుల మెరుపు తక్కువే. వంద పాళ్లు వెలుగు మింగితే మూడు పాళ్లు మాత్రమే తిరిగి ఇచ్చేవి. 2012లో పక్కనున్న ఒడిశాలోని రూర్కెలా జాతీయ సాంకేతిక సంస్థ, ఖరగ్‌పూర్ ఐఐటీ శాస్త్రజ్ఞులు మసి జోలికి పోకుండా కమలాపండ్ల రసంతోనే కర్బన రేణువులు తయారుచేశారు. రసాన్ని గట్టిగా మూతపెట్టిన పాత్రలో వేడి చేయడమే వాళ్ల పద్ధతి. ఆవిరి బయటకు పోకుండా లోపలి ఒత్తిడిలో పదార్థం ఉడుకుతుంది. కుక్కరులో పప్పు ఉడికే సూత్రమే, కాకపోతే అంతకంటే ఎక్కువసేపు. రసంలోని చక్కెరలు, ఆమ్లాలు మాడి చిన్న కర్బన రేణువులవుతాయి. వీటి మెరుపు వందకు 26 పాళ్లకు పెరిగింది. దీపం ముందు త్వరగా వెలవడం లేదని, జీవకణాలకు హాని తక్కువని కూడా వారు చూపారు.

అప్పటి నుంచి ఆకులు, పండ్ల తొక్కలు, పాలు వంటి వాటితో కూడా అనేక దేశాల్లో ఇటువంటి రేణువులు తయారుచేశారు. మూలం ఏదైనా ఉన్నది కర్బనమే. బొగ్గులో ఉన్నదీ, అన్నంలో ఉన్నదీ, మన ఒంట్లో ఉన్నదీ అదే.

ఇంకా ఆసుపత్రికి రాలేదు

ఈ రేణువులు నేటికీ ప్రధానంగా ప్రయోగశాలల వస్తువే. మామూలు ఆసుపత్రిలో రోగికి చేసే పరీక్షగా ఇవి ఇంకా రాలేదు. అందుకు కారణాలున్నాయి. మొదటిది, అతినీల కిరణాలు, నీలి వెలుగు చర్మాన్ని దాటి లోతుకు పోలేవు. గాజుపలక మీది జీవకణాలను చూడడం వేరు, మనిషి కాలేయంలో చూడడం వేరు. ఎర్రని వెలుగు కొంత లోతుకు పోతుంది. ఎర్రగా మెరిసే కర్బన రేణువుల కోసం కృషి జరుగుతున్నది. రెండోది, ఒక విడత తయారైనట్టు మరో విడత తయారు కావడం లేదు. ఒకే ఇంట్లో పట్టిన కాటుకే ఒకసారి మెత్తగా, ఒకసారి గరుకుగా వస్తుంది. వైద్యానికి వాడేది ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మూడోది, కొన్ని తయారీల్లో మెరుస్తున్నది రేణువు కాదని, దానితోపాటు పుట్టిన చిన్న రసాయనమని తరువాతి పరిశోధనల్లో తేలింది. అందుచేత తయారైన దానిని బాగా వడకట్టి, ఏది మెరుస్తున్నదో నిగ్గు తేల్చుకోవలసి వస్తున్నది. నాలుగోది, ఒంట్లోకి పోయిన రేణువులు ఎంతకాలం ఉంటాయి, ఎటు పోతాయి అన్నది రోగులకు వాడే ముందు పూర్తిగా తేలాలి.

ఈ మాటలు చెప్పుకోవలసిన అవసరం ఉన్నది. నానో అనే పేరు తగిలించి ఏదో ఒక పొడి, ఏదో ఒక ద్రవం సర్వరోగ నివారిణి అని అమ్మేవాళ్లు సంతల్లో కనిపించవచ్చు. కర్బన రేణువు మందు కాదు, చూపించే దీపం మాత్రమే. దీపం దొంగను చూపుతుందే గాని పట్టుకోదు.

ఇంట్లో ప్రయత్నించరాదు

మసితో తయారీ అని విన్న కుర్రవాళ్లు ఎవరూ ఇంట్లో ప్రయత్నించరాదు. నత్రికామ్లం చర్మాన్ని కాలుస్తుంది. వేడి చేస్తే వచ్చే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ప్రయోగశాలల్లో పొగ లాగివేసే గూళ్లలో పెట్టి చేస్తారు.

మసి కూడా మసిగా ఉన్నంతకాలం మేలు చేసేది కాదు. కట్టెల పొయ్యి పొగలోని మసి ఆడవాళ్ల, పసిపిల్లల ఊపిరితిత్తులకు చేటు. పసిబిడ్డ కళ్లకు కాటుక పెట్టవద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. వేలితో పెట్టడం వల్ల క్రిములు చేరతాయి. బజారులో దొరికే కొన్ని రకాల కాటుక, సుర్మాల్లో సీసం ఉండడం కద్దు. దిష్టిచుక్క పెట్టదలిస్తే అరికాలికి పెట్టుకోవచ్చు, కంట్లో వద్దు.

పిల్లలకు చూపించదగిన చోట్లు

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం నేటికీ ఉన్నది. ఆయన పేరనే పరాన్నజీవుల పరిశోధన కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం అక్కడ సంస్థను నడిపింది. ఆ దారిన పోయే బస్సుల్లో రోజూ వేలమంది ప్రయాణిస్తారు. వారిలో ఆ భవనం సంగతి ఎరిగినవారు కొద్దిమందే.

సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ పోయే దారిలో తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ, హబ్సీగూడలో సీసీఎంబీగా పేరుపొందిన కణజీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఉన్నాయి. మొదటిది నిజాం కాలంలో 1944లో రాష్ట్ర ప్రయోగశాలగా పుట్టింది. రెండోది 1977లో డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలై, 1987లో సొంత ప్రాంగణంలో జాతికి అంకితమైంది. ఒకటి రసాయనాలు తయారుచేసే చోటు, ఒకటి జీవకణాలను పరిశీలించే చోటు. రాస్ బీటలు వారిన అద్దంతో చూసిన ఊరి పొలిమేరలోనే నేడు ప్రతిదీప్తి సూక్ష్మదర్శినులు పనిచేస్తున్నాయి. సీఎస్ఐఆర్ స్థాపన దినమైన సెప్టెంబరు 26 సందర్భంగా ఇటువంటి జాతీయ ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరవడం ఆనవాయితీ. జిల్లాలోని ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుని పిల్లలను తీసుకుపోతే బాగుంటుంది. విహారయాత్ర అంటే చార్మినార్, గోల్కొండ చూపించి తీసుకురావడంతో సరిపెట్టుకోనవసరం లేదు.

ఇక పెద్దవాళ్లు చేయవలసిన పని వేరే ఉన్నది. మలేరియా పూర్తిగా పోలేదు. ఏజెన్సీ ప్రాంతాల్లో వానాకాలం వచ్చిందంటే నేటికీ జ్వరాల భయమే. చలితో జ్వరం వస్తే రెండు మాత్రలు మింగి ఊరుకోకుండా, ఆశా కార్యకర్తకో, ఆరోగ్య కేంద్రంలోనో చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. వేలికి గుచ్చినందుకు పిసరంత నొప్పి, ఒక్క చుక్క రక్తం, అంతకంటే ఖర్చేమీ లేదు. రక్తపు పూత తీస్తే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న ఉద్యోగి వెతికేది మలేరియా జీవినే. జ్వరం తగ్గిపోయిందని పరీక్ష ఎగ్గొడితే ఆ మనిషి రక్తంలోని జీవి దోమ ద్వారా పక్కింటికి పోతుంది. రోగం కంటపడితేనే వైద్యుడికి పని జరుగుతుంది. కంటపడేలా చేయడం రోగి చేతిలో ఉన్నది.